టెర్మినల్ తెరవగానే నడిచే ప్రోగ్రాములు: షెల్ పని ఎంత, ఇతరులు చేర్చింది ఎంత?

క్లుప్తంగా: బాష్, జెడ్‌షెల్ వంటి కమాండ్ షెల్లు (టైపు చేసిన కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రాములు) మొదలయ్యేటప్పుడు తమంతట తాముగా వేరే ప్రోగ్రాములను నడపవు. అవి కొన్ని స్టార్టప్ ఫైళ్లను చదువుతాయి. ఆ ఫైళ్లలో ఎవరు ఏ లైను రాసి ఉంటే అది నడుస్తుంది. ఏ ఫైలు చదవాలన్నది షెల్‌ను ఎవరు, ఏ తీరుగా పిలిచారన్నదాన్ని బట్టి మారుతుంది. ఇలా నడిచేవాటిలో ఎక్కువ భాగం క్షణంలో పని ముగించుకుని పోయేవే. ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ (దూరపు సర్వర్లలోకి వెళ్లే కీలను మెమరీలో ఉంచేది) లాంటి కొన్ని మాత్రమే వెనక ఉండిపోతాయి.

టెర్మినల్ విండో తెరుచుకున్నా, కమాండ్ కోసం ఎదురుచూసే ప్రాంప్ట్ గుర్తు రావడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ప్రాసెస్‌ల జాబితా చూస్తే ఎవరూ పిలవని ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్లు బారులు తీరి కనిపిస్తాయి. లైనక్స్‌లో చక్కగా పనిచేసిన సెట్టింగు మ్యాక్‌లో పనిచేయదు. కమాండ్ లైన్ వాడేవాళ్లు తరచూ అడిగే ఈ మూడు ప్రశ్నలకూ మూలం ఒకటే. షెల్ మొదలయ్యేటప్పుడు ఏం జరుగుతుందో బయటికి కనిపించదు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ స్టార్టప్ యాప్‌ల జాబితా చూపిస్తుంది. షెల్‌కు అలాంటి జాబితా ఏదీ లేదు. ఉన్నదల్లా కొన్ని టెక్స్ట్ ఫైళ్లు, వాటిని చదివే ఒక వరుస. ఆ వరుస కాస్త విచిత్రంగానే ఉంటుంది.

## ఫైళ్లేవీ చదవకపోతే

బాష్‌కు నోప్రొఫైల్, నోఆర్‌సీ అనే రెండు ఆప్షన్లు ఉన్నాయి. వాటితో మొదలుపెడితే బాష్ ఏ స్టార్టప్ ఫైలూ ముట్టుకోదు. అప్పుడు ప్రాంప్ట్ కొద్ది మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది. పిల్ల ప్రాసెస్ ఒక్కటీ పుట్టదు. షెల్ సొంత ప్రారంభం ఎంత తేలికైనదో చూడటానికి ఇది చాలు.

ఆ కొద్ది మిల్లీసెకన్లలోనూ షెల్ ఊరికే ఉండదు. తనను పిలిచిన ప్రోగ్రామ్ పేరు, విలువ జతలుగా అప్పగించిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను తీసుకుంటుంది. భాష, లిపి సెట్టింగుల కోసం లొకేల్ ఫైళ్లు తెరుస్తుంది. ఎదురుగా నిజమైన టెర్మినల్ ఉందా, లేక పైపో ఫైలో ఉందా అని చూస్తుంది. పాత కమాండ్ల చరిత్రను ఫైలు నుంచి ఎక్కించుకుంటుంది. ఇవన్నీ షెల్ ప్రాసెస్ లోపలే జరుగుతాయి కాబట్టి ప్రాసెస్‌ల జాబితాలో వీటి జాడ ఉండదు.

అయితే ఈ లోపలి పనులు ప్రమాదం లేనివని అనుకోవడానికి వీల్లేదు. 2014 సెప్టెంబరులో బయటపడిన షెల్‌షాక్ లోపం సరిగ్గా ఇక్కడిదే. బాష్ మొదలయ్యేటప్పుడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఫంక్షన్ నిర్వచనంలా కనిపించే విలువలుంటే వాటిని ఫంక్షన్లుగా మార్చుకునేది. స్టెఫాన్ షాజెలాస్ గమనించింది ఏమిటంటే, ఆ నిర్వచనం ముగిసిన తర్వాత ఇంకేదైనా రాసి ఉంటే బాష్ దాన్ని కూడా కమాండ్‌గా నడిపేస్తోంది. సీజీఐ పద్ధతిలో (ప్రతి అభ్యర్థనకు ఒక ప్రోగ్రామ్‌ను పిలుస్తూ) నడిచే వెబ్ సర్వర్లు బయటి నుంచి వచ్చిన హెడర్లను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా మార్చి లోపలికి పంపుతాయి. అంటే బ్రౌజర్ పేరు చెప్పాల్సిన చోట ఒక కమాండ్ రాసి పంపితే సర్వర్ మీద అది నడిచేది. స్టార్టప్ ఫైళ్లతో నిమిత్తం లేకుండానే ఇంత జరిగింది.

## ఏ ఫైలు ఎప్పుడు చదువుతుంది

స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో ఏడో వెర్షన్ యూనిక్స్‌తో వచ్చింది. దానికి యూజర్ తరఫున ఒకే ఒక్క స్టార్టప్ ఫైలు ఉండేది, .ప్రొఫైల్. లాగిన్ అయినప్పుడు మాత్రమే దాన్ని చదివేది. బిల్ జాయ్ రాసిన సీ షెల్ ఈ పనిని రెండుగా విడదీసింది. ప్రతి షెల్‌కూ .సీఎస్‌హెచ్‌ఆర్‌సీ, లాగిన్ షెల్‌కు అదనంగా .లాగిన్. ఈ విభజనకు అప్పట్లో గట్టి కారణమే ఉంది. ఒక పెద్ద కంప్యూటర్‌కు ఎందరో దూరం నుంచి లాగిన్ అయ్యేవారు. టెర్మినల్ రకం చెప్పడం, పాత్ (కమాండ్ల కోసం వెతకాల్సిన ఫోల్డర్ల జాబితా) అమర్చడం, ఉత్తరాలున్నాయేమో చూడటం లాంటివి రోజుకు ఒకసారి చేస్తే చాలు. ఆ తర్వాత పుట్టే షెల్లన్నీ ఆ విలువలను వారసత్వంగా పొందుతాయి. కమాండ్లకు పెట్టుకునే పొట్టి పేర్లయిన అలియాస్‌ల లాంటివి అలా వారసత్వంగా రావు, ప్రతి షెల్ మళ్లీ చదువుకోవాల్సిందే.

1989లో బ్రయాన్ ఫాక్స్ గ్నూ ప్రాజెక్టు కోసం రాసిన బాష్ ఈ రెండు సంప్రదాయాలనూ కలుపుకుంది. చిక్కులు అక్కడే మొదలయ్యాయి. బాష్ లాగిన్ షెల్‌గా మొదలైతే ముందు /ఈటీసీ/ప్రొఫైల్ చదువుతుంది. తర్వాత హోమ్ ఫోల్డర్‌లో .బాష్_ప్రొఫైల్, .బాష్_లాగిన్, .ప్రొఫైల్ అనే మూడింటిని అదే వరుసలో వెతికి, మొదట దొరికిన ఒక్కదాన్నే చదువుతుంది. లాగిన్ కాని ఇంటరాక్టివ్ (మనిషి టైపు చేసి వాడే) షెల్ అయితే .బాష్‌ఆర్‌సీ చదువుతుంది. లాగిన్ షెల్ ఇంటరాక్టివ్‌గానే ఉన్నా సరే, తనంతట తాను .బాష్‌ఆర్‌సీ చదవదు. అందుకే లైనక్స్ పంపిణీలు .ప్రొఫైల్‌లోనో .బాష్_ప్రొఫైల్‌లోనో "ఆ ఫైలు కూడా చదువు" అని ఒక లైను పెట్టి ఇస్తాయి. ఈ అతుకు ఎంత అలవాటైపోయిందంటే, చాలామంది దాన్ని బాష్ సహజ గుణమే అనుకుంటారు.

ఈ "మొదట దొరికిన ఒక్కటే" అన్న నియమం చేసే నష్టం అంతా ఇంతా కాదు. ఉబుంటులో యూజర్ అకౌంటుతో వచ్చేది .ప్రొఫైల్. మ్యాక్‌ను దృష్టిలో పెట్టుకుని రాసిన ఇన్‌స్టాలర్ ఏదైనా .బాష్_ప్రొఫైల్ అనే కొత్త ఫైలు సృష్టిస్తే, ఆ క్షణం నుంచి .ప్రొఫైల్ చదవడం ఆగిపోతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. అంతకుముందు దాని ద్వారా నడిచినవన్నీ చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి. చూసేవాళ్లకు మాత్రం కొత్త సాఫ్ట్‌వేర్ ఏదో పాడుచేసినట్టు కనిపిస్తుంది. ఆ అనుమానం సగం నిజమే.

1990లో పాల్ ఫాల్‌స్టాడ్ మొదలుపెట్టిన జెడ్‌షెల్ వరుస పొడవైనదే గానీ, తర్కం తిన్నగా ఉంటుంది. .జెడ్‌ఎస్‌హెచ్ఎన్వ్‌ను ప్రతిసారీ చదువుతుంది. .జెడ్‌ప్రొఫైల్, .జెడ్‌లాగిన్ లాగిన్ షెల్‌కు. .జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ ఇంటరాక్టివ్ షెల్‌కు. ప్రతిదానికీ /ఈటీసీలో ఒక జోడీ ఫైలు ఉంటుంది. ఇక్కడ ఒకటి చదివితే మరొకటి మానేయడం లేదు, షరతు సరిపోయినవన్నీ చదువుతుంది.

లాగిన్ షెల్ అని షెల్‌కు ఎలా తెలుస్తుంది? పాస్‌వర్డ్ అడిగారా లేదా అన్నదానితో సంబంధం లేదు. పిలిచే ప్రోగ్రామ్ షెల్ పేరుకు ముందు ఒక చిన్న గీత చేర్చి పిలుస్తుంది, లేదా లాగిన్ ఆప్షన్ ఇస్తుంది. ప్రాసెస్‌ల జాబితాలో కొన్ని బాష్‌లు గీతతో, కొన్ని గీత లేకుండా కనిపించేది ఇందుకే.

## మ్యాక్‌కూ లైనక్స్‌కూ తేడా

లైనక్స్‌లోని గ్నోమ్ టెర్మినల్ లాంటివి మామూలుగా లాగిన్ కాని షెల్‌ను తెరుస్తాయి. డెస్క్‌టాప్‌లోకి అడుగుపెట్టినప్పుడే లాగిన్ అయిపోయింది కదా అన్నది వాటి లెక్క. మ్యాక్ టెర్మినల్ మాత్రం ప్రతి విండోను, ప్రతి ట్యాబ్‌ను కొత్త లాగిన్‌గానే చూస్తుంది. పైన కనిపించే "లాస్ట్ లాగిన్" వాక్యం దాని గుర్తే. ఒకే టెర్మినల్‌ను పేన్లుగా విడదీసే టీమక్స్ కూడా ప్రతి కొత్త పేన్‌లో లాగిన్ షెల్‌నే తెరుస్తుంది.

దీనికి మ్యాక్‌లో ఒక పర్యవసానం ఉంది. అక్కడి /ఈటీసీ/జెడ్‌ప్రొఫైల్ పాత్_హెల్పర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. అది /ఈటీసీ/పాత్స్ ఫైలు, పాత్స్.డీ ఫోల్డర్ చదివి, సిస్టమ్ ఫోల్డర్లను పాత్‌లో ముందు వరుసలో పెడుతుంది. మొదటి షెల్‌లో ఇబ్బంది లేదు. అందులో టీమక్స్ తెరిస్తే మళ్లీ లాగిన్ షెల్, మళ్లీ పాత్_హెల్పర్. యూజర్ ముందుకు తెచ్చుకున్న ఫోల్డర్లు వెనక్కి వెళ్తాయి. బయట ఒక పైథాన్, టీమక్స్ లోపల ఇంకో పైథాన్ పలకడానికి చాలాసార్లు కారణం ఇదే.

బాష్ 2009లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి జీపీఎల్ మూడో వెర్షన్ లైసెన్సు కిందికి వెళ్లింది. యాపిల్ బాష్ 3.2 దగ్గరే ఆగిపోయి, 2019లో మ్యాక్‌ఓఎస్ కెటలీనాతో జెడ్‌షెల్‌ను డిఫాల్ట్ చేసింది. .బాష్_ప్రొఫైల్‌లో అన్నీ రాసి పెట్టుకున్నవాళ్లు కొత్త మ్యాక్‌కు మారగానే వాటిలో ఏదీ పనిచేయకపోవడం ఆ మార్పు ఫలితం.

## ఉబుంటులో లెక్క చూస్తే

ఏ మార్పూ చేయని ఉబుంటులో టెర్మినల్ తెరిస్తే సరిగ్గా ఏవేవి నడుస్తాయి? ముందు /ఈటీసీ/బాష్.బాష్‌ఆర్‌సీ వస్తుంది. దీన్ని చదవడం డెబియన్ కుటుంబం (ఉబుంటు అందులోదే) బాష్‌ను కంపైల్ చేసేటప్పుడు ఎంచుకున్న అదనపు పని. అందులో ఒక చిన్న సలహా వాక్యం ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ నడపాలంటే సుడో వాడండి అని. అది చూపాలా వద్దా తేల్చుకోవడానికి గ్రూప్స్ అనే ప్రోగ్రామ్ నడుస్తుంది, వాక్యాన్ని తెర మీద పెట్టడానికి క్యాట్ నడుస్తుంది. ఒక్కసారి సుడో వాడగానే హోమ్ ఫోల్డర్‌లో గుర్తుగా ఒక ఖాళీ ఫైలు పడుతుంది. అప్పటి నుంచి ఈ రెండూ నడవవు.

తర్వాత హోమ్ ఫోల్డర్‌లోని .బాష్‌ఆర్‌సీ. ఇందులో మొదటి పని, షెల్ ఇంటరాక్టివ్ కాకపోతే అక్కడితో ఆగి వెనక్కి తిరగడం. దాటి వెళ్తే లెస్‌పైప్ వస్తుంది. జిప్ వంటి ఫైళ్లను కూడా లెస్ కమాండ్‌తో చదవగలిగేలా రెండు వేరియబుల్స్ అమర్చడమే దీని పని. లెస్‌పైప్ నిజానికి ఒక షెల్ స్క్రిప్టు. అందువల్ల దాన్ని నడపడానికి మరో షెల్ పుడుతుంది. ఆ స్క్రిప్టు తన పేరేమిటో, తానున్న ఫోల్డర్ ఏదో తెలుసుకోవడానికి బేస్‌నేమ్, డిర్‌నేమ్ అనే మరో రెండింటిని నడుపుతుంది. రెండు వేరియబుల్స్ కోసం మూడు ప్రోగ్రాములు! ఆ తర్వాత డిర్‌కలర్స్ నడిచి ఫైళ్ల పేర్లకు రంగుల పట్టిక ఇస్తుంది. చివర్లో, ట్యాబ్ నొక్కితే కమాండ్‌ను పూర్తిచేసే బాష్ కంప్లీషన్ అనే రెండు వేలకు పైగా లైన్ల ఫైలును షెల్ తనలోకి చదువుకుంటుంది. అది ఫైలు చదవడమే తప్ప కొత్త ప్రోగ్రామ్ కాదు. ఒక్కో కమాండ్‌కు సంబంధించిన ట్యాబ్ నియమాలు మొదటిసారి ట్యాబ్ నొక్కినప్పుడే వస్తాయి.

అంతే. లెస్‌పైప్, బేస్‌నేమ్, డిర్‌నేమ్, డిర్‌కలర్స్, కొత్త అకౌంటైతే గ్రూప్స్, క్యాట్. ప్రాంప్ట్ కనిపించేసరికి వీటిలో ఒక్కటీ మిగలదు. కమాండ్ తప్పు టైపు చేస్తే "ఫలానా ప్యాకేజీలో ఉంది, ఇన్‌స్టాల్ చేసుకోండి" అని చెప్పే ప్రోగ్రామ్ కూడా ప్రారంభంలో నడవదు. దాన్ని పిలిచే ఫంక్షన్ మాత్రమే సిద్ధంగా ఉంటుంది.

లాగిన్ షెల్ అయితే దీనికి /ఈటీసీ/ప్రొఫైల్.డీ ఫోల్డర్ తోడవుతుంది. అందులో ప్యాకేజీలు తమ స్క్రిప్టులను పెట్టుకోవచ్చు. లైనక్స్ యాప్‌ల పంపిణీ సాధనమైన ఫ్లాట్‌ప్యాక్ ఇన్‌స్టాల్ చేస్తే దాని స్క్రిప్టు అక్కడ చేరి, యాప్‌లు ఏ ఫోల్డర్లలో ఉన్నాయో అడగడానికి లాగిన్ అయినప్పుడల్లా ఒకసారి ఫ్లాట్‌ప్యాక్‌ను నడుపుతుంది. హోమ్ ఫోల్డర్ ఫైళ్లలో ఎంత వెతికినా ఇది కనిపించదు.

## ఇన్‌స్టాలర్లు రాసే లైన్లు

కొత్త సిస్టమ్‌లో అరడజనుగా ఉన్నవి పాతబడ్డాక ఎందుకు పెరిగిపోతాయి? యూజర్ రాసుకున్న లైన్ల కంటే ఇన్‌స్టాలర్లు చేర్చినవే ఎక్కువ. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ వెర్షన్లు మార్చే ఎన్‌వీఎం, పైథాన్ కోసం కొండా, పైఎన్వ్, రూబీ కోసం ఆర్‌బీఎన్వ్, మ్యాక్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే హోమ్‌బ్రూ. ఇవన్నీ .బాష్‌ఆర్‌సీ, .జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ, .జెడ్‌ప్రొఫైల్ లాంటి ఫైళ్ల చివర రెండు మూడు లైన్లు పెడతాయి, లేదా పెట్టుకోమని సూచిస్తాయి. తీసేసినప్పుడు ఆ లైన్లు తొలగించడం అన్నిటికీ అలవాటు లేదు.

ఆ లైన్ల తీరు దాదాపు ఒకటే. ఒక ప్రోగ్రామ్‌ను నడిపి, అది ముద్రించిన షెల్ కమాండ్లను ఈవాల్ ద్వారా ఇప్పటి షెల్‌లో అమలు చేయడం. పిల్ల ప్రాసెస్ తన తల్లి వేరియబుల్స్‌ను మార్చలేదు కాబట్టి ఇలా చేయాల్సి వస్తుంది. అయితే దీనికి ఖర్చుంది. షెల్ ముందు ఫోర్క్ చేసి తనకో నకలు తయారుచేయాలి. ఆ నకలు ఎగ్జెక్ ద్వారా కొత్త ప్రోగ్రామ్‌గా మారాలి. ఆ ప్రోగ్రామ్ తన లైబ్రరీలను వెతికి తెరవాలి. పని పూర్తయ్యేదాకా షెల్ చేతులు కట్టుకుని ఎదురుచూడాలి. డిర్‌కలర్స్ లాంటి చిన్న సీ ప్రోగ్రామ్ అయితే ఇది తెలియనే తెలియదు. కొండా పైథాన్‌లో రాసింది. దాని కోసం పైథాన్ ఇంటర్‌ప్రెటర్ మొత్తం మొదలై, మాడ్యూళ్లు ఎక్కించుకుని, కొన్ని లైన్లు ముద్రించి పోతుంది. ఎన్‌వీఎం దారి వేరు. అది ప్రోగ్రామ్ కాదు, వేల లైన్ల షెల్ ఫంక్షన్ల మూట. చదివిన వెంటనే డిఫాల్ట్ నోడ్ వెర్షన్ ఏదో తేల్చుకోవడానికి లోపల చాలా సబ్‌షెల్లను పుట్టిస్తుంది. నోయూజ్ అనే ఆప్షన్‌తో ఎక్కిస్తే ఆ తేల్చుకునే పని అప్పటికి వాయిదా పడుతుంది.

ఈ పనులు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. నాలుగు కోర్లున్నా పదహారు కోర్లున్నా తేడా ఉండదు.

విండోస్ మీద ఈ భారం ఇంకా ఎక్కువ. విండోస్‌లో ఫోర్క్ అన్నదే లేదు. విండోస్‌లో యూనిక్స్ ప్రోగ్రాములు నడిపే సిగ్విన్, దాని నుంచి వచ్చిన ఎంసిస్2, గిట్ బాష్ దాన్ని అనుకరిస్తాయి. కొత్త ప్రాసెస్ పుట్టించి, పాతదాని మెమరీని అందులోకి నకలు చేస్తాయి. అదే .బాష్‌ఆర్‌సీ లైనక్స్‌లో చటుక్కున ముగిసి, గిట్ బాష్‌లో నత్తనడక నడవడానికి ఇది ముఖ్య కారణం. పైగా కొత్త ప్రోగ్రామ్ మొదలైనప్పుడల్లా యాంటీవైరస్ ఓ కన్నేస్తుంది. విండోస్ లోపలే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లో ఫోర్క్ నిజమైనదే గానీ సమస్య పాత్ రూపంలో వస్తుంది. విండోస్ పాత్ ఫోల్డర్లన్నీ లైనక్స్ పాత్ చివర చేరతాయి. లేని కమాండ్ ఉందేమోనని స్టార్టప్ స్క్రిప్టు వెతికిన ప్రతిసారీ సీ డ్రైవ్ ఫోల్డర్లన్నీ చుట్టి రావాలి, ఆ దారి నెమ్మదైనది. డబ్ల్యూఎస్‌ఎల్.కాన్ఫ్ ఫైలులో విండోస్ పాత్ చేర్చవద్దని చెప్పవచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్ విండోస్‌దే, పని మాత్రం లైనక్స్‌దే అయిన ఐటీ ఉద్యోగులకు ఈ ఒక్క సెట్టింగు చాలా పనికొస్తుంది.

## వెనక మిగిలిపోయేవి

ప్రాంప్ట్ వచ్చాక కూడా బతికి ఉండేవి వేరే జాతి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్. ప్రైవేటు కీలను మెమరీలో పెట్టుకుని, పాస్‌ఫ్రేజ్ మాటిమాటికీ అడగకుండా చూడటం దీని పని. చాలా గైడ్‌లు ఈవాల్‌తో ఏజెంట్‌ను మొదలుపెట్టే లైనును .బాష్‌ఆర్‌సీలో వేసుకోమంటాయి. ఏజెంట్ మొదలవగానే టెర్మినల్‌తో బంధం తెంచుకుని వెనక్కి వెళ్తుంది. టెర్మినల్ మూసినప్పుడు షెల్‌కు అందే హ్యాంగప్ సిగ్నల్ దానికి తగలదు. ట్యాబ్ తెరిచినప్పుడల్లా ఒక కొత్త ఏజెంట్, మూసినప్పుడు ఒక అనాథ. పైగా ఒక ట్యాబ్‌లో చేర్చిన కీ ఇంకో ట్యాబ్‌లోని ఏజెంట్‌కు తెలియదు. ఏ సౌకర్యం కోసం పెట్టుకున్నారో అదే దక్కదు.

కొత్తది పుట్టించే ముందు ఏజెంట్ సాకెట్ వేరియబుల్ ఇప్పటికే ఉందా అని చూడటం కనీస జాగ్రత్త. మ్యాక్‌లో లాంచ్‌డీ, గ్నోమ్ డెస్క్‌టాప్‌లో కీరింగ్ వ్యవస్థ ఆ ఏజెంట్‌ను ముందే సిద్ధం చేసి పెడతాయి. అక్కడ ఈ లైనే అక్కర్లేదు. ఎన్‌క్రిప్షన్ కీలను చూసుకునే జీపీజీ ఏజెంట్ విషయంలో గ్నూపీజీ 2.1 నుంచి అవసరమైనప్పుడు దానంతటదే మొదలవుతుంది. అయినా పాత గైడ్‌ల నుంచి కాపీ చేసిన లైన్లు ఫైళ్లలో అలాగే పడి ఉంటాయి.

పవర్‌లెవెల్10కే థీమ్ వాడే జెడ్‌షెల్ పక్కన గిట్‌స్టేటస్‌డీ అనే ప్రాసెస్ కనిపిస్తుంది. గిట్ రిపాజిటరీ (మార్పుల చరిత్రతో కోడ్ దాచే ఫోల్డర్) స్థితిని ప్రాంప్ట్‌కు త్వరగా చెప్పడానికి ఇది కావాలనే వెనక ఉంటుంది, షెల్‌తో పాటే పోతుంది. ఫిష్ షెల్ మొట్టమొదటిసారి నడిచినప్పుడు మాన్ పేజీలను (కమాండ్ల సహాయ పత్రాలను) చదివి కంప్లీషన్లు తయారుచేసే పైథాన్ స్క్రిప్టును వెనక్కి పంపుతుంది. అనుమానంగా కనిపించినా అది ఒక్కసారి పనే.

ఇక ప్రాంప్ట్ చూపే ముందు ప్రతిసారీ నడిచేవి ఉన్నాయి. బాష్‌లో ప్రాంప్ట్_కమాండ్, జెడ్‌షెల్‌లో ప్రీకమాండ్ హుక్‌లు. ఇవి ప్రారంభానికి చెందినవి కావు, ఎంటర్ నొక్కినప్పుడల్లా నడుస్తాయి. పెద్ద రిపాజిటరీ ఫోల్డర్‌లో మాత్రమే షెల్ మెల్లగా స్పందిస్తుంటే స్టార్టప్ ఫైళ్లలో వెతకడం దండగ, చూడాల్సింది ఇక్కడ.

## కనిపెట్టే దారులు

మొదట తెలుసుకోవాల్సింది ఫైళ్ల వల్ల అవుతున్న ఆలస్యం ఎంత అన్నది. టైమ్ కమాండ్ కింద బాష్‌ను ఇంటరాక్టివ్‌గా మొదలుపెట్టి వెంటనే ఎగ్జిట్ చేయిస్తే ఒక అంకె వస్తుంది. నోఆర్‌సీతో అదే చేస్తే మరో అంకె. మధ్య తేడా అంతా ఫైళ్లదే. జెడ్‌షెల్‌కు ఎఫ్ ఆప్షన్ ఉంది. అయితే అది ఇచ్చినా /ఈటీసీలోని జెడ్‌ఎస్‌హెచ్ఎన్వ్‌ను మాత్రం చదివే తీరుతుంది.

ఏ లైను నడిచిందో చూడటానికి బాష్, జెడ్‌షెల్ రెండిటికీ ఎక్స్ ఆప్షన్ ఉంది. పీఎస్4 వేరియబుల్‌లో ఫైలు పేరు, లైను సంఖ్య, సమయం పెట్టుకుంటే సెకన్లు ఎక్కడ పోతున్నాయో తెలిసిపోతుంది. జెడ్‌షెల్‌లో జెడ్‌ప్రాఫ్ అనే మాడ్యూల్ ఫంక్షన్ల వారీగా పట్టిక వేసి ఇస్తుంది. కానీ ఈ పద్ధతులు షెల్ చూసినంత మేరకే చూపుతాయి. లెస్‌పైప్ లోపల బేస్‌నేమ్ నడిచిందన్న సంగతి వీటికి అందదు.

నడిచిన ప్రోగ్రాముల అసలైన జాబితా కావాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రమైన కెర్నెల్‌నే అడగాలి. లైనక్స్‌లో స్ట్రేస్‌కు ఎఫ్ ఆప్షన్ ఇచ్చి, కొత్త ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే ఎగ్జెక్‌వీఈ పిలుపులను మాత్రమే చూపమని చెప్పి, దాని కింద బాష్‌ను నడిపితే ప్రతి ప్రోగ్రామ్ పేరూ, దానికి ఇచ్చిన ఆర్గ్యుమెంట్లూ వరుసగా వస్తాయి. లాగిన్ ఆప్షన్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి చేసి రెండు జాబితాలను పక్కపక్కన పెడితే ఇంతవరకు చెప్పుకున్నదంతా కళ్ల ముందే కనిపిస్తుంది. స్ట్రేస్ కింద అంతా నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి సమయం కొలవడానికి దాన్ని వాడకూడదు.

## మనిషి ఎదురుగా లేని షెల్లు

షెల్‌ను పిలిచేది మనిషి ఒక్కడే కాదు. స్క్రిప్టు నడిపేటప్పుడు బాష్ పైన చెప్పిన ఫైళ్లలో ఏదీ చదవదు, బాష్_ఎన్వ్ వేరియబుల్‌లో ఫైలు పేరు ఉంటే తప్ప. నిర్ణీత సమయాలకు పనులు నడిపే క్రాన్ మామూలుగా ఎస్‌హెచ్‌ను చాలా కొద్దిపాటి పాత్‌తో పిలుస్తుంది. టెర్మినల్‌లో నడిచిన స్క్రిప్టు క్రాన్‌లో "కమాండ్ దొరకలేదు" అనడం దీనివల్లే. ఉబుంటులో ఆ ఎస్‌హెచ్ బాష్ కూడా కాదు. 2006లో వచ్చిన 6.10 నుంచి అది డ్యాష్. త్వరగా మొదలవుతుందన్నదే ఆ మార్పుకు ముఖ్య కారణం.

దీనికి తలకిందులుగా, వీఎస్ కోడ్‌ను డెస్క్‌టాప్ ఐకాన్ నుంచి తెరిస్తే అది యూజర్ పాత్ తెలుసుకోవడానికి కనపడకుండా ఒక ఇంటరాక్టివ్ లాగిన్ షెల్‌ను నడుపుతుంది. డిఫాల్ట్‌గా పది సెకన్లలో జవాబు రాకపోతే హెచ్చరిక చూపుతుంది. అప్పుడు తప్పు ఎడిటర్‌ది అనిపిస్తుంది గానీ, ఆలస్యం చేసేది .జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ.

ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా ఫైళ్లు పంపే ఎస్‌ఎఫ్‌టీపీది ఇంకో రకం తంటా. దూరపు సర్వర్‌లో ఫైళ్లు పంపే ప్రోగ్రామ్‌ను సాధారణంగా యూజర్ షెల్ ద్వారానే మొదలుపెడతారు. డెబియన్ తరహా బాష్ ఇలా పిలిచినప్పుడు .బాష్‌ఆర్‌సీ చదువుతుంది, జెడ్‌షెల్ అయితే .జెడ్‌ఎస్‌హెచ్ఎన్వ్ చదువుతుంది. అందులో ఎవరైనా సరదాగా స్వాగత వాక్యం ముద్రించారనుకుందాం. అవతలి ఎస్‌ఎఫ్‌టీపీ ఆ అక్షరాలను ప్రోటోకాల్‌లో భాగమనుకుని, మొదటి నాలుగు బైట్లను రాబోయే సందేశం పొడవుగా చదువుతుంది. ఇంగ్లిష్ వెల్‌కమ్‌తో మొదలైతే ఆ అంకె 1466264675. తెలుగులో "నమస్కారం" అని ముద్రిస్తే యూటీఎఫ్-8 ప్రకారం 3769673952. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అనుమతించే పొడవు 256 కేబీ మాత్రమే. కాబట్టి "సందేశం మరీ పొడవుగా ఉంది" అన్న ఎర్రర్‌తో కనెక్షన్ తెగుతుంది. ఉబుంటు .బాష్‌ఆర్‌సీ మొదట్లోనే ఇంటరాక్టివ్ పరీక్ష పెట్టడం ఇలాంటివి రాకుండానే. స్వాగత వాక్యాన్ని ఆ పరీక్షకు పైన రాస్తే రక్షణ ఉండదు.

విండోస్ పాత షెల్ సీఎండీ పద్ధతి దీనికి పూర్తిగా వేరు. దానికి స్టార్టప్ ఫైలు లేదు, రిజిస్ట్రీలో కమాండ్ ప్రాసెసర్ కింద ఆటోరన్ అనే విలువ ఉంది. సీఎండీ కోసం కొండా అమర్చినప్పుడు అది రాసేది అక్కడే. మనిషి తెరిచినా, ఇంకో ప్రోగ్రామ్ లోపల పిలిచినా, డీ ఆప్షన్ ఇవ్వకపోతే ఆటోరన్ నడుస్తుంది. పవర్‌షెల్ కాస్త నయం. ప్రొఫైల్ స్క్రిప్టులకు అర సెకను దాటితే ఎంత సమయం పట్టిందో తానే చెబుతుంది.

## భద్రత కోణం

ప్రతి టెర్మినల్‌తో పాటు తప్పకుండా నడిచే ఫైలు, దాన్ని మార్చడానికి రూట్ (అడ్మినిస్ట్రేటర్) అనుమతి అక్కర్లేదు. దాడి చేసేవాళ్లకు ఇంతకంటే అనువైన చోటు ఉండదు. దాడి పద్ధతులను నమోదు చేసే మైటర్ అటాక్ జాబితాలో షెల్ కాన్ఫిగరేషన్ మార్పిడి టీ1546.004 అనే సంఖ్యతో విడిగా నమోదైంది. అలియాస్‌తో సుడోను కప్పేసి పాస్‌వర్డ్ పట్టుకోవడం, వెనక ఒక ప్రోగ్రామ్‌ను వదిలిపెట్టడం ఒక్క లైను పని. ఇన్‌స్టాలర్ స్క్రిప్టును కర్ల్ అనే డౌన్‌లోడ్ ప్రోగ్రామ్‌తో తెచ్చి నేరుగా బాష్‌కు అందించే అలవాటు ఉన్నంతకాలం, ఆ ఫైలు చివర ఏం చేరుతోందో యూజర్ చూసేది తక్కువే. ఫైళ్లను గిట్‌లో పెట్టుకుంటే కనీసం ఏ లైను ఎప్పుడు చేరిందో తెలుస్తుంది.

## మారుతున్న పద్ధతులు

2025 జులైలో వచ్చిన బాష్ 5.3లో ఫోర్క్ లేకుండా కమాండ్ ఫలితాన్ని పట్టుకునే కొత్త రూపం చేరింది. కార్న్ షెల్‌లో ఇది అంతకుముందే ఉంది. షెల్ ఫంక్షన్లకు, లోపలి కమాండ్లకు ఇది లాభం. బయటి ప్రోగ్రామ్‌కు మాత్రం ఎలాగూ కొత్త ప్రాసెస్ కావాల్సిందే, కాబట్టి కొండా, హోమ్‌బ్రూ లైన్లకు దీనివల్ల ఒరిగేది పెద్దగా లేదు. వాటికి ఇప్పుడు ప్రచారంలో ఉన్న ఉపాయాలు రెండు. ఒకటి, నోడ్ అని మొదటిసారి టైపు చేసేదాకా ఎన్‌వీఎంను ఎక్కించకుండా ఆపడం. ఇది టెర్మినల్ వరకు బాగుంటుంది. కానీ ఎడిటర్ నేరుగా నోడ్ ప్రోగ్రామ్ కోసం పాత్‌లో వెతికితే అక్కడ ఏమీ దొరకదు. రెండోది, ప్రోగ్రామ్ ముద్రించే లైన్లను ఒకసారి ఫైలులో దాచుకుని ఇకపై ఆ ఫైలునే చదవడం. ప్రోగ్రామ్‌ను అప్‌గ్రేడ్ చేసినప్పుడు ఆ దాచిన నకలు పాతదైపోతుంది. కాబట్టి ప్రోగ్రామ్ ఫైలు తేదీ మారితే నకలును మళ్లీ రాసుకునేలా ఒక పరీక్ష చేర్చాలి. ఆ పరీక్ష షెల్ లోపలి కమాండ్‌తోనే అయిపోతుంది, దానికి కొత్త ప్రాసెస్ అక్కర్లేదు.